పోస్ట్‌గ్రెస్‌లో లార్జ్ ఆబ్జెక్టులు: అపోహలు - వాస్తవాలు

ఫైళ్లను డేటాబేస్‌లోనే దాచే అప్లికేషన్లను టెస్ట్ చేయడం నా రోజువారీ పని. పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేస్‌లో మన టేబుల్‌కి బయట విడిగా ఇలా దాచిన ఫైళ్లే లార్జ్ ఆబ్జెక్టులు. ఎక్కించడం అందరూ బాగానే టెస్ట్ చేస్తారు. తీసేయడం దగ్గరే సీనియర్లు కూడా పొరబడుతుంటారు.

అపోహ: రో డిలీట్ చేస్తే ఫైల్ కూడా పోతుంది.

పోదు. మన టేబుల్ రోలో (వరుసలో) ఉండేది ఆ ఫైల్‌ని సూచించే ఓఐడీ అనే నంబర్ మాత్రమే. అసలు డేటా పీజీ_లార్జ్‌ఆబ్జెక్ట్ అనే సిస్టమ్ టేబుల్‌లో 2 కేబీ ముక్కలుగా ఉంటుంది. రో తీసేస్తే చీటీ చిరుగుతుంది, సరుకు గోడౌన్‌లోనే ఉంటుంది. దాన్ని తీయాలంటే ఎల్‌వో_అన్‌లింక్ అనే ఫంక్షన్‌ని పిలవాల్సిందే.

ఖాళీ డేటాబేస్‌లో మీరే చేసి చూడండి. సరిగ్గా 1 ఎంబీ ఉన్న ఫైళ్లు 100 ఎక్కించండి. ఒక్కో ఫైల్‌కి 512 ముక్కలు, మొత్తం 51,200. ఇప్పుడు మీ టేబుల్‌లో రోలన్నీ డిలీట్ చేయండి. మీ టేబుల్ కౌంట్ 0. ఒక్కో ఆబ్జెక్టుకి ఒక్కో రో ఉండే పీజీ_లార్జ్‌ఆబ్జెక్ట్_మెటాడేటా టేబుల్ కౌంట్ మాత్రం ఇంకా 100. ఈ రెండో కౌంట్ చూడని క్లీనప్ టెస్ట్‌ని నేను టెస్ట్‌గా ఒప్పుకోను.

అపోహ: ట్రిగ్గర్ పెట్టాం, ఇక బెంగ లేదు.

ట్రిగ్గర్ అంటే టేబుల్‌లో మార్పు జరగగానే దానంతటదే నడిచే కోడ్. పాత ఆబ్జెక్టును తీసేసే ఎల్‌వో_మేనేజ్ ట్రిగ్గర్ అప్‌డేట్, డిలీట్‌లకు బాగా పనిచేస్తుంది. టేబుల్‌ని ట్రంకేట్ చేసినా (ఒక్క దెబ్బకి ఖాళీ చేసినా), డ్రాప్ చేసినా అది కదలదు. చాలా టెస్ట్ సూట్లు ప్రతి రన్ తర్వాత చేసేది ట్రంకేటే కదా. ఏ రో సూచించని అనాథ ఆబ్జెక్టులు అక్కడే పేరుకుపోతాయి.

అపోహ: వాక్యూమ్‌ఎల్‌వో నడిపితే అనాథలే పోతాయి.

నాకు అన్నిటికంటే టెన్షన్ పెట్టే అపోహ ఇదే. వాక్యూమ్‌ఎల్‌వో అనాథలను ఏరేసే టూల్. అది ఓఐడీ, ఎల్‌వో టైపు కాలమ్‌లను మాత్రమే వెతుకుతుంది. వాటిలో కనిపించని ప్రతి ఆబ్జెక్టునూ తీసేస్తుంది. ఓఐడీ నంబర్‌ని టెక్స్ట్ కాలమ్‌లోనో, బిగ్‌ఇంట్ కాలమ్‌లోనో దాచుకుంటే దాని కంట పడదు. హైబర్నేట్ అనే జావా లైబ్రరీలో స్ట్రింగ్ ఫీల్డ్‌కి లాబ్ (పెద్ద డేటా) అని గుర్తు పెట్టినప్పుడు సరిగ్గా ఇలాగే టెక్స్ట్ కాలమ్‌లో నంబర్ కూర్చోవడం నేను చూశాను. ఒక ప్రాజెక్టు స్టేజింగ్‌లో (ప్రొడక్షన్‌కి ముందు టెస్ట్ చేసే చోట) టూల్ నడిపిన మర్నాడు పాత నోట్సు ఏది తెరిచినా ‘లార్జ్ ఆబ్జెక్ట్ డజ్ నాట్ ఎగ్జిస్ట్’ అనే వచ్చింది. రోలన్నీ ఉన్నాయి, లోపలి రాతే లేదు. ప్రొడక్షన్‌లో జరిగి ఉంటే అని తలచుకుంటే ఇప్పటికీ గుండె జారుతుంది.

అప్పటినుంచి ముందు, ఏదీ తీసేయకుండా లెక్క మాత్రమే చెప్పే -ఎన్ ఆప్షన్‌తో నడిపి, ఎన్ని పోతాయో చూస్తాను. నేను కావాలని వదిలిన అనాథలు 10 అయితే అక్కడ 10 అనే రావాలి. 11 వచ్చినా ఆగిపోతాను.

అపోహ: తీసేయగానే డిస్క్ ఖాళీ అవుతుంది.

డిలీట్ అయిన చోటుని శుభ్రం చేసే మామూలు వాక్యూమ్ కమాండ్ ఆ చోటుని మళ్లీ వాడుకోవడానికి వదులుతుంది, అంతే. ఫైల్ సైజు గట్టిగా తగ్గాలంటే వాక్యూమ్ ఫుల్ కావాలి. అది నడిచినంతసేపూ టేబుల్‌కి తాళమే.

అపోహ: ఆ టేబుల్‌కి పీజీ_డంప్ తీశాం, ఫైళ్లు వచ్చేసినట్టే.

పీజీ_డంప్ బ్యాకప్ తీసే టూల్. దాంతో డేటాబేస్ మొత్తం డంప్ తీస్తే వస్తాయి. -టీ (చిన్న అక్షరం t) తో ఒక్క టేబుల్‌నే తీస్తే నంబర్లు వస్తాయి, ఫైళ్లు రావు. -బీ (చిన్న అక్షరం b) కూడా చేర్చాలి. రీస్టోర్ చేశాక రోలు లెక్కపెట్టి వదిలేయకండి. ఒక ఫైల్‌ని ఎల్‌వో_ఎక్స్‌పోర్ట్‌తో బయటకు తీసి, దాని చెక్‌సమ్‌ని (లోపలి డేటా నుంచి లెక్కగట్టే గుర్తు సంఖ్యని) అసలు ఫైల్ చెక్‌సమ్‌తో పోల్చండి.