కాన్పు గదిలో మార్పు తేవడం: అపోహలు, వాస్తవాలు

ప్రభుత్వాసుపత్రుల కాన్పు గదుల్లో నాణ్యత పెంచేందుకు కేంద్రం 2017 డిసెంబరులో ‘లక్ష్య’ కార్యక్రమం మొదలుపెట్టింది. పోస్టర్లు వచ్చాయి, ట్రైనింగులు జరిగాయి. అయినా చాలాచోట్ల పుట్టిన బిడ్డ ఇప్పటికీ తల్లి గుండెల మీదికి వెళ్లే ముందు తూకం మీదికే వెళ్తోంది. ఈ ఒక్క పని మార్చబోయినా కింది అపోహలన్నీ ఎదురొస్తాయి.

అపోహ: సిబ్బందికి తెలియక చేయడం లేదు. ఇంకోసారి ట్రైనింగ్ ఇస్తే సరిపోతుంది.

ఏ స్టాఫ్ నర్సును అడిగినా సరిగ్గానే చెబుతారు. ఏడ్చిన బిడ్డను వెంటనే తుడవాలి, తల్లి రొమ్ముల మధ్య చర్మానికి చర్మం తగిలేలా పడుకోబెట్టాలి, గంటలోపు ముర్రుపాలు పట్టాలి. తెలిసీ ఎందుకు జరగడం లేదో తెలియాలంటే ఆ నిమిషంలో గదిలో నిలబడి చూడాలి. రాత్రి డ్యూటీలో నర్సు ఒక్కరే. నిమిషంలోపు తల్లికి రక్తస్రావం ఎక్కువ కాకుండా ఆక్సిటోసిన్ 10 యూనిట్లు ఇవ్వాలి, మాయ సంగతి చూడాలి. పొడి తువ్వాళ్లు తాళం వేసిన అల్మారాలో ఉన్నాయి. తల్లి గౌనుకు ముందువైపు తెరుచుకునే వీలు లేదు. తలుపు బయట ఇంటివాళ్లు బరువెంతని అడుగుతున్నారు. బిడ్డను నిశ్చింతగా దించడానికి ఆ నర్సుకు కనిపించే చోటు వార్మర్ (బిడ్డను వెచ్చగా ఉంచే బల్ల) ఒక్కటే. తూకం కూడా దాని పక్కనే ఉంది. ఇది అజ్ఞానమూ కాదు, నిర్లక్ష్యమూ కాదు. గది అమరిక, మనుషుల కొరత కలిసి చేయించే పని.

కాబట్టి అమరికను మార్చాలి. ప్రతి కాన్పు ట్రేలో రెండు వెచ్చటి తువ్వాళ్లు, ఒక టోపీ ముందే పెట్టాలి. మొదటి తువ్వాలుతో తుడిచి, తడిసిన దాన్ని పక్కన పడేసి, రెండోది తల్లీబిడ్డల మీద కప్పాలి. బొడ్డుతాడు 1 నుంచి 3 నిమిషాల మధ్య కోస్తే చాలు. తూకం, విటమిన్ కె ఇంజెక్షన్ మొదటి గంట తర్వాతే. గది వేడి 26–28 డిగ్రీల సెల్సియస్ ఉండాలి, బిడ్డ పుట్టే ముందే ఫ్యాను ఆపాలి. తోడుగా వచ్చిన అమ్మనో అత్తనో లోపలికి రానిస్తే, నర్సు మాయ చూసుకునే వేళ బిడ్డ జారకుండా పట్టుకునే చేతులు దొరుకుతాయి. బిడ్డ ఊపిరి తీసుకోకపోతే మాత్రం ఈ వరుస వర్తించదు. వెంటనే తాడు కోసి, తొలి నిమిషంలోనే బ్యాగు, మాస్కుతో శ్వాస మొదలుపెట్టాలి.

అపోహ: సూపరింటెండెంట్ గట్టిగా ఆర్డరు వేస్తే మార్పు వస్తుంది.

తువ్వాళ్లు కావాలని రాసే ఇండెంటు మీద సంతకం పెట్టడం, గౌన్లు మార్పించడం ఆయన చేతిలో ఉన్నాయి. అవి ఆయన చేయాల్సిందే. కానీ ఈ మార్పు తెచ్చే టీములో డ్యూటీ డాక్టరు, ఇన్‌చార్జి సిస్టర్, రాత్రి డ్యూటీ చేసే ఒక నర్సు, ఒక ఆయమ్మ ఉండాలి. ఎక్కువగా వదిలేసేది ఆయమ్మనే. ఉతికిన తువ్వాళ్లు ఎన్ని గంటలకు వస్తాయో, ఆదివారం ఎందుకు రావో ఆమెకు తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు.

అపోహ: మొదలుపెడితే అన్ని షిఫ్టుల్లో ఒకేసారి పెట్టాలి.

ఒక నర్సు, ఒక షిఫ్టు, ఒక కాన్పు. ఎక్కడ అడ్డుపడిందో ఆ రోజే మాట్లాడుకుని సరిచేయండి. తర్వాత ఐదు కాన్పులు, ఆ తర్వాత ఒక షిఫ్టంతా.

అపోహ: చెక్‌లిస్టు నిండితే నాణ్యత వచ్చినట్టే.

ఉత్తరప్రదేశ్‌లో 120 ఆరోగ్య కేంద్రాల్లో సురక్షిత ప్రసవ చెక్‌లిస్టు మీద పెద్ద అధ్యయనం జరిగింది. 2017లో ఫలితాలు వచ్చాయి. సగం కేంద్రాలకు చెక్‌లిస్టుతోపాటు కోచ్‌లను కూడా పంపారు. మొదలైన 2 నెలలకు అక్కడ చేయాల్సిన పనుల్లో దాదాపు 73 శాతం జరిగాయి, మిగతా కేంద్రాల్లో 42 శాతమే. కోచింగ్ ఆగిపోయాక 12వ నెలలో చూస్తే ఆ 73 కాస్తా 62కి దిగింది. తల్లీబిడ్డల మరణాల్లో మాత్రం తేడా రాలేదు. చెక్‌లిస్టు పనిని గుర్తు చేస్తుంది. లేని మందును, లేని నైపుణ్యాన్ని, సమయానికి రాని అంబులెన్సును అది తెచ్చిపెట్టలేదు.

అపోహ: రుజువు చూపిస్తే ఎవరైనా ఒప్పుకుంటారు.

1847లో వియన్నా ప్రసూతి వార్డులో ఇగ్నాజ్ సెమ్మెల్‌వైస్ అనే డాక్టరు తోటి డాక్టర్ల చేత క్లోరిన్ ద్రావణంతో చేతులు కడిగించాడు. ఏప్రిల్‌లో 18 శాతం ఉన్న బాలింతల మరణాలు జూన్‌కల్లా 2 శాతం దగ్గరికి వచ్చాయి. ఇంత స్పష్టమైన లెక్క చూపినా, ‘మీ చేతులే చంపుతున్నాయి’ అన్న మాటగా విన్న పెద్ద డాక్టర్లు చాలామంది ఒప్పుకోలేదు.

అందుకే లెక్కను మనుషుల పేర్లతో కాదు, గది పేరుతో చూపాలి. ప్రతి పది కాన్పుల్లో ఎంతమంది బిడ్డలు ముందుగా తల్లి గుండెల మీదికి వెళ్లారో ఒక చుక్కగా పెడుతూ గ్రాఫు గీసి డ్యూటీ గదిలో అంటించండి. మధ్యగత రేఖకు (సగం చుక్కలు పైన, సగం కింద ఉండేలా గీసిన గీతకు) పైన వరుసగా ఆరు చుక్కలు పడితే నిజంగా మెరుగుపడినట్టు. ఒక్క చుక్క పెరిగినా తగ్గినా దానికి అర్థం వెతకొద్దు.

సంఖ్యకు మెమోలు ముడిపెడితే సంఖ్య బాగుపడుతుంది, బిడ్డ బాగుపడదు. గంట తర్వాత చంకలో చూసిన ఉష్ణోగ్రత 36.5 నుంచి 37.5 సెల్సియస్, అంటే 97.7 నుంచి 99.5 ఫారెన్‌హీట్ మధ్య ఉండాలి. రిజిస్టరులో పేజీ పొడవునా 98.4 కనిపిస్తే థర్మామీటరు బయటికి తీయలేదని అర్థం. తిట్టకండి. బ్యాటరీ ఉందో లేదో, ఆ గంటకు నర్సు ఎక్కడ ఉండాల్సి వచ్చిందో అడగండి.

అపోహ: లక్ష్యం చేరాక పని అయిపోయినట్టే.

నర్సులు బదిలీ అవుతారు, ఏజెన్సీ ఆయమ్మలు మారిపోతారు. కొత్తగా వచ్చినవాళ్లకు తొలి డ్యూటీలోనే చేసి చూపించండి. నెలకోసారి పది కాన్పులు నిలబడి చూడండి. షిఫ్టు మారేటప్పుడు డ్రగ్ ట్రే అప్పగించినట్టే తువ్వాళ్లు, టోపీలు కూడా లెక్కపెట్టి అప్పగించాలి.