హాంకాంగ్‌లో పలికే ‘లేదు’, రాసే ‘లేదు’

చైనీస్ పాఠాన్ని స్థానికులు మాట్లాడే కాంటనీస్‌లో చెప్పాలా, చైనా ప్రామాణిక భాష అయిన పుతోంగ్‌హ్వా (మాండరిన్)లో చెప్పాలా అన్న హాంకాంగ్ వివాదం ఎంత లోతైనదో తెలియాలంటే అక్కడి పిల్లల నోటుపుస్తకాలు చూడాలి. ఇంట్లో ‘కాదు’కు ‘మ్’ అని, ‘లేదు’కు ‘మోవ్’ అని పలికే పిల్లవాడు, వ్యాసం రాసేటప్పుడు వాటికి బదులుగా ‘పత్’, ‘మూత్‌యౌ’ అన్న మాటలు వాడాలి.

1997లో హాంకాంగ్ బ్రిటన్ చేతి నుంచి చైనా చేతికి వచ్చిన అధికార మార్పిడి గురించి అందరికీ తెలుసు. అసలు మలుపు 1920లోనే వచ్చిందని నా అభిప్రాయం. అప్పటివరకు రాతకు ఆధారమైన గ్రాంథిక చైనీస్ ఏ ప్రాంతం వారికీ ఇంటి భాష కాదు. ‘ఫెయ్’, ‘మత్’, ‘మోక్’ వంటి నిషేధార్థక పదాలను ఎవరి ఉచ్చారణలో వారు చదువుకునేవారు. ఆ ఏడాది బీజింగ్ విద్యాశాఖ ప్రాథమిక బడుల తొలి రెండు తరగతుల వాచకాలను వ్యావహారికంలోకి మార్చమని ఆదేశించింది. అయితే ఆ వ్యావహారికానికి పునాది ఉత్తరాది వాడుక. కాంటనీస్‌వారికి నేడు గంభీరంగా వినిపించే ‘మూత్‌యౌ’ నిజానికి ప్రాచీన పదమేమీ కాదు, ఉత్తరాదివారు రోజూ అనే ‘మెయ్‌యౌ’కు దక్షిణాది ఉచ్చారణ మాత్రమే. 1927 ఫిబ్రవరిలో ప్రసిద్ధ చైనీస్ రచయిత లూ షున్ హాంకాంగ్‌కు వచ్చి, జీవద్భాషలో రాయాలని ప్రసంగిస్తే, ఆ మాటలను ఆయన సహచరి షు గ్వాంగ్‌పింగ్ కాంటనీస్‌లోకి అనువదించి చెప్పవలసి వచ్చింది.

పాత పదాలు మాత్రం పోలేదు. మెట్రో రైలులో తలుపులకు దూరంగా ఉండమనే ప్రకటన నేటికీ ‘ఛింగ్ మత్’ (దయచేసి వద్దు) అనే మొదలవుతుంది. మన బస్సుల్లోని ‘పొగ త్రాగరాదు’ వంటిదే అది. ‘ఎప్పుడూ ఇంతే’ అన్న అర్థంలో వీధిలో వినిపించే ‘పత్‌నౌ’లోనూ ఆ గ్రాంథిక ‘పత్’ ఉంది.

పుతోంగ్‌హ్వాలో బోధిస్తే పలికిందే రాయవచ్చునని దాని సమర్థకులు అంటారు. రాత తేలికవుతుందన్నది నిజమే కావచ్చు గానీ, అందుకోసం పలుకును మార్చుకోవలసింది ఒక పక్షమే. 2014 జనవరిలో హాంకాంగ్ విద్యాశాఖ వెబ్‌సైట్‌లో కాంటనీస్ అధికార భాష కాదన్న వాక్యం కనబడి దుమారం రేగడంతో, శాఖ దాన్ని తొలగించి క్షమాపణ చెప్పింది. ఏది అధికార భాషో తేల్చవలసిన 1974 నాటి చట్టంలో ఇంగ్లీషు పక్కన ఉన్నది ‘చైనీస్’ అన్న ఒక్క మాటే. ఏ నోటి చైనీసో అందులో లేదు.