శ్రీలక్ష్మి పేరులో గుడి ఏమైంది? వెబ్ ఫారాలపై అపోహలు, వాస్తవాలు

ఒడిశాలోని రాయగడలో మా దుకాణానికి రెండు గదులు. ముందు గదిలో జిరాక్సు, ఆన్‌లైన్ దరఖాస్తులు. వెనక గదిలో కూర్చుని నేను వెబ్‌సైట్లు చేస్తాను. నేను చేసిన ఫారాలనే ముందు గదిలో జనం నింపుతూ విసుక్కోవడం తెర చాటు నుంచి వినబడుతూనే ఉంటుంది. ఇక్కడ చాలామందికి ఇంట్లో మాట తెలుగు, బడిలో చదివింది ఒడియా, దరఖాస్తులో రాయవలసింది ఇంగ్లీషు. వెబ్ పేజీలు రాయడం నేర్పే హెచ్‌టీఎంఎల్ పాఠాల్లో ఇలాంటి మనిషి ఎక్కడా కనిపించడు. నాకున్న అపోహల్లో సగం వీళ్ల విసుగు విన్నాకే వదిలాయి.

అపోహ: పేరు గడికి 10 అక్షరాల పరిమితి పెడితే 10 అక్షరాలు పడతాయి.

పిల్లల బొమ్మల పోటీకి ఒకసారి నమోదు ఫారం చేశాను. సర్టిఫికెట్టు మీద చోటు తక్కువని పేరుకు మ్యాక్స్‌లెన్త్ (గడిలో పట్టే గరిష్ఠ పొడవు) 10 అని పెట్టాను. పోటీ అయిన వారానికి ఒకావిడ సర్టిఫికెట్టు పట్టుకుని వచ్చారు. “మా అమ్మాయి పేరు శ్రీలక్ష్మి బాబూ. మీరు శ్రీలక్ష్మ అని వేశారు.”

మన కంటికి ఆ పేరులో ఉన్నవి మూడే అక్షరాలు: శ్రీ, ల, క్ష్మి. బ్రౌజరు లెక్క వేరు. కంప్యూటరు అన్ని లిపులనూ గుర్తులుగా లెక్కపెట్టే యూనికోడ్‌లో హల్లు ఒకటి, పొల్లు ఒకటి, గుణింతపు గుర్తు ఇంకొకటి. శ, పొల్లు, ర, గుడిదీర్ఘం: శ్రీకి నాలుగు. ల ఒకటి. క, పొల్లు, ష, పొల్లు, మ, గుడి: క్ష్మికి ఆరు. మొత్తం 11. పదో గుర్తు దగ్గర గడి నిండిపోయింది, గుడి బయటే నిలబడిపోయింది. తప్పు జరిగిందని బ్రౌజరు ఒక్క మాట కూడా అనదు, కొట్టినది పడనివ్వకుండా ఊరుకుంటుంది. నింపిన వివరాలు చేరే కంప్యూటరు, అంటే సర్వర్‌లో పరిమితి బైట్ల లెక్కన ఉంటే మరీ ఇరుకు. ఆ గుర్తులను బైట్లుగా దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కో తెలుగు గుర్తుకు 3 బైట్లు, ఆ పిల్ల పేరుకు 33. సర్టిఫికెట్టు మళ్లీ అచ్చువేసి ఇచ్చాను, నా ఖర్చుతోనే.

పేరు విషయంలో ఇంకొక మాట. ఫస్ట్ నేమ్, లాస్ట్ నేమ్ అని రెండు గడులు పెట్టి రెండూ తప్పనిసరి చేయడం మనవాళ్లకు ఒక అలవాటు. మనకు ఇంటిపేరు ముందు వస్తుంది. మరి ఏది ఫస్టు, ఏది లాస్టు? ఒకే కుటుంబంలో అన్న ఒకలా, చెల్లెలు ఒకలా నింపి వెళ్లిన రోజులున్నాయి. ‘పూర్తి పేరు’ అని ఒక్క గడి చాలు. అందులో చుక్కలు, ఖాళీలు, ఏ లిపి అయినా పట్టాలి.

అపోహ: ఫోను నంబరు, పిన్‌కోడ్ అంకెలే కదా, గడి టైప్ (రకం) దగ్గర నంబర్ అని పెట్టాలి.

నాది ఒకటే పరీక్ష: ఆ అంకెలను కూడితే అర్థం ఉంటుందా? రెండు పిన్‌కోడ్లను ఎవరూ కూడరు. నంబర్ టైప్ లెక్కించే సంఖ్యల కోసం పుట్టింది. దాని మీద మ్యాక్స్‌లెన్త్ పనిచేయదు. కొన్ని బ్రౌజర్లలో మౌసు చక్రం తిరిగితే రాయగడ 765001 కాస్తా 765002 అయి కూర్చుంటుంది. పిన్‌కోడుకు టెక్స్ట్ టైప్ పెట్టి ఇన్‌పుట్‌మోడ్ న్యూమరిక్ అని చేరిస్తే ఫోనులో అంకెల కీబోర్డే తెరుచుకుంటుంది. ఫోను నంబరుకైతే టెల్ అనే టైప్ ఉండనే ఉంది.

మా ఊళ్లో దీనికి ఇంకొక ముడి. ఒడియా కీబోర్డు వాడేవారు ఒడియా అంకెలే కొడతారు. సున్నా నుంచి తొమ్మిది వరకు అని మనం రాసే ప్యాటర్న్‌కు (గడిలో ఏవి చెల్లుతాయో చెప్పే నియమానికి) అవి అంకెలే కావు. “సరిగ్గానే కొట్టాను, తీసుకోవడం లేదు” అని ఒక పెద్దాయన నాలుగుసార్లు కొట్టారు. నిజంగానే సరిగ్గా కొట్టారు. ప్యాటర్న్‌లో ఆ అంకెలను కూడా రానిచ్చి, సర్వర్‌లో మామూలు అంకెలుగా మార్చుకోవడం పది నిమిషాల పని.

అపోహ: గడికి రిక్వైర్డ్ (తప్పనిసరి) అని పెట్టాను, ఇక ఖాళీ ఫారాలు రావు.

స్పేస్ బార్ ఒకసారి నొక్కితే చాలు, రిక్వైర్డ్ తృప్తి పడుతుంది. అసలు బ్రౌజరుతో పని లేకుండా నేరుగా సర్వర్‌కు ఏమైనా పంపవచ్చు. తెర మీద కనిపించని హిడెన్ గడిలో రుసుము దాచి, చెల్లింపు దగ్గర దాన్నే నమ్మేవారిని చూస్తే నాకు భయం. ఆ అంకెను ఎవరైనా బ్రౌజరులోనే మార్చి పంపగలరు. బ్రౌజరు చేసే తనిఖీ నింపేవారికి సాయం, అంతే. అసలు తనిఖీ సర్వర్‌లో జరగాలి.

అపోహ: గడి లోపల లేతగా కనిపించే సూచన, ప్లేస్‌హోల్డర్ ఉండగా, గడి పక్కన పేరు రాసే లేబుల్ దేనికి?

మొదటి అక్షరం పడగానే ప్లేస్‌హోల్డర్ మాయం. సగం రాసి ఆగి, “ఇక్కడ ఏమి రాయమన్నారు?” అని మొత్తం చెరిపి చూసేవారిని రోజూ చూస్తాను. లేబుల్ పెట్టి, దాని ఫార్ అనే చోట గడి ఐడీ (గుర్తింపు పేరు) రాస్తే, మాట మీద నొక్కినా గడి తెరుచుకుంటుంది. మొద్దు వేళ్లకు, చిన్న చెక్‌బాక్సుకు అదెంత ఉపకారమో. చూపు లేనివారికి స్క్రీన్ రీడర్ గడి పేరు చదివేది కూడా ఆ లేబుల్‌ను చూసే.

ఫారాన్ని సర్వర్‌కు గెట్ పద్ధతిలో గానీ పోస్ట్ పద్ధతిలో గానీ పంపవచ్చు. పోస్ట్‌లో పంపితే రహస్యం అనేది మరొక అపోహ. గెట్‌లో వివరాలు అడ్రసు బార్‌లో కనబడతాయి, పోస్ట్‌లో కనబడవు. దారిలో ఎవరూ చదవకుండా కాపాడేది మాత్రం వివరాలను గుప్తంగా మార్చి పంపే హెచ్‌టీటీపీఎస్.

గడికి ఐడీ ఉంటే అందులో నింపినది సర్వర్‌కు వెళుతుందనేది మా దగ్గర పని నేర్చుకునే కుర్రాడి అపోహ. వివరాలు పంపేటప్పుడు వాడే పేరు, నేమ్, లేని గడిని బ్రౌజరు పంపదు. ఒక మధ్యాహ్నమంతా సర్వర్‌ను తిట్టాక కనుక్కున్నాడు. టిక్కు పెట్టని చెక్‌బాక్సు కూడా అంతే, ‘కాదు’ అని పంపదు, అసలు ఏమీ పంపదు.

అపోహ: జిల్లాల జాబితా ఒకసారి చేస్తే చాలు.

2022 ఏప్రిల్‌లో ఆంధ్రప్రదేశ్‌లో 13 జిల్లాలు 26 అయ్యాయి. సరిహద్దు అవతలే ఉన్న పార్వతీపురం, విజయనగరం జిల్లా నుంచి విడిపోయి పార్వతీపురం మన్యం జిల్లాకు కేంద్రమయింది. నా సెలెక్ట్ జాబితాలో మాత్రం పాత 13 జిల్లాలే ఉన్నాయి. అక్కడి నుంచి వచ్చిన అమ్మాయి జాబితా రెండుసార్లు పైకీ కిందికీ లాగి, గదుల మధ్య తెర పక్కకు తొలగించి అడిగింది: “అన్నయ్యా, మాది ఏ జిల్లా అని నొక్కమంటారు?”