లైవ్ పోల్ పెడితే న్యాయం జరిగినట్టేనా? అపోహలు – వాస్తవాలు

విజయవాడ, గుంటూరు ఆఫీసుల్లో టీమ్ మీటింగులు నడిపించడం నా వృత్తి. ఈమధ్య ఏ విషయం తెగకపోయినా ఫోన్లు తీసి పోల్ పెట్టేస్తున్నారు. షిఫ్టు వేళలు, పండగ డ్యూటీలు, కొత్త సాఫ్ట్‌వేర్, అన్నీ అలాగే తేలుతున్నాయి. పోల్ అంటే నాకు ఇష్టం. మీటింగులో నోరు విప్పని మనిషి అభిప్రాయం కూడా లెక్కలోకి వచ్చే దారి అది. అందుకే దాన్ని సరిగ్గా వాడాలని పట్టుబడతాను. ఫలితం న్యాయంగా వస్తుందా రాదా అన్నది చాలావరకు పోల్ తెరవకముందే ఖాయమైపోతుంది.

అపోహ: ఎక్కువ ఓట్లు దేనికి పడితే అదే అందరి కోరిక

ఆటోనగర్‌లో 16 మంది ఉన్న ఒక ఆఫీసు అనుకోండి. మే నెల ఎండలకి పని వేళలు మార్చాలా అన్నది ప్రశ్న. పోల్‌లో మూడు ఆప్షన్లు: ఇప్పుడున్న 10 నుంచి 6, లేదా 7 నుంచి 3, లేదా 8 నుంచి 4. పాత వేళలకు 7 ఓట్లు, ఏడింటి షిఫ్టుకు 5, ఎనిమిదింటి షిఫ్టుకు 4 పడ్డాయి. పాత వేళలే గెలిచాయని స్క్రీన్ చెబుతుంది. కానీ 9 మంది పొద్దున్నే వస్తామంటున్నారు కదా! ఎన్నికల గురించి మాట్లాడే ప్రతి టీ కొట్టు దగ్గరా వినిపించే మాటే ఇది: ఓట్లు చీలాయి.

దీనికి ప్రశ్న మారిస్తే చాలు. ‘మీకు నచ్చిన ఒక్కటి’ అనకుండా ‘మీకు కుదిరేవన్నీ టిక్ పెట్టండి’ అని అడగాలి. ఏడింటికి రాగలిగే అయిదుగురికీ ఎనిమిది కూడా కుదరవచ్చు. పాత వేళలు కోరిన ఏడుగురిలో ముగ్గురు ఎనిమిదికి సరే అనవచ్చు. అప్పుడు 8 నుంచి 4 షిఫ్టుకు 12 మంది ఒప్పుకున్నట్టు. మనుషులు వాళ్లే, ఇష్టాలూ అవే, ఫలితం మాత్రం వేరు. వాట్సాప్ పోల్‌లోనూ ఒకటికి మించి ఎంచుకునే వీలుంది, వాడుకోండి.

ఇక్కడే ఇంకో సంగతి. ఆప్షన్లు ఎవరు రాశారన్నది ఓటు ఎవరు వేశారన్నంత ముఖ్యం. మేనేజరు తనకు నచ్చినదాన్ని ఒంటరిగా ఉంచి, ఎదుటి పక్షాన్ని రెండు ముక్కలు చేస్తే గెలుపు తేలికవుతుంది. కావాలని చేయకపోయినా అదే జరుగుతుంది. అందుకని ఆప్షన్లు ఒకరోజు ముందు టీమ్‌కి పంపి, ‘ఇంకేమైనా కలపాలా?’ అని అడగమంటాను.

మూడు లేదా అంతకన్నా ఎక్కువ ఆప్షన్లుంటే ఎప్పుడూ తప్పు పట్టలేని లెక్క అంటూ లేదు. మొదటిదాన్ని రెండోదానికన్నా, రెండోదాన్ని మూడోదానికన్నా, మళ్లీ మూడోదాన్ని మొదటిదానికన్నా ఎక్కువ మంది కోరే పరిస్థితి రావచ్చని ఫ్రాన్స్‌లో కాండోర్సే అనే గణితవేత్త 1785లోనే చూపించాడు. ఒక్కొక్కరు ఇచ్చిన ఇష్టాల వరుసను (ర్యాంకులను) కలిపి ఫలితం తేల్చే ఏ పద్ధతీ సబబైన షరతులన్నిటినీ ఒకేసారి నిలబెట్టుకోలేదని 1951లో ఆర్థికవేత్త కెన్నెత్ ఆరో గణితంతో నిరూపించాడు. కాబట్టి ఏ పద్ధతిలో లెక్కిస్తామో, సమానంగా వస్తే ఏం చేస్తామో ఓటుకు ముందే చెప్పాలి. ఫలితం చూశాక పద్ధతి మారిస్తే ఆ టీమ్ ఇక ఏ పోల్‌నీ నమ్మదు.

అపోహ: ఓట్లు పడుతుండగానే గ్రాఫ్ కనిపిస్తే పారదర్శకత

నేను గట్టిగా వ్యతిరేకించేది దీన్నే. గ్రాఫ్ కదులుతుంటే చివర్లో ఓటేసేవాళ్లు ప్రశ్న చదవరు, గ్రాఫ్ చదువుతారు. ‘సార్ దేనికి వేశారండీ?’ అని పక్కవాళ్లని అడిగేవాళ్లని ప్రతి ఆఫీసులో చూస్తాను.

1950ల్లో సాలమన్ ఆష్ అనే మనస్తత్వవేత్త అమెరికాలో కొన్ని ప్రయోగాలు చేశాడు. ఒక గీతకు సమానమైన గీత ఏదో చెప్పడమే పని. గదిలో మిగతావాళ్లంతా ముందే కూడబలుక్కుని తప్పు జవాబు చెబుతారు. అలాంటి సందర్భాల్లో ఈ సంగతి తెలియని ఆ ఒక్క వ్యక్తి చెప్పిన జవాబుల్లో దాదాపు మూడో వంతు ఆ తప్పువైపే మొగ్గాయి. జవాబు పైకి చెప్పకుండా కాగితం మీద రాసుకోమంటే అలా మొగ్గడం బాగా తగ్గింది. కళ్లెదురుగా ఉన్న గీతల విషయంలోనే ఇలా ఉంటే, ఏ వెండర్ మంచివాడు లాంటి ప్రశ్నల్లో పక్కవాళ్ల ప్రభావం ఎంతుంటుందో ఆలోచించండి.

మన రాష్ట్రంలో 2024 మే 13న ఓట్లేశాం, జూన్ 4న లెక్కించారు. దేశమంతా చివరి దశ పోలింగ్ ముగిసేదాకా ఎగ్జిట్ పోల్స్ బయటపెట్టకూడదని ప్రజాప్రాతినిధ్య చట్టం 126ఏ సెక్షన్ చెబుతోంది. ఆఫీసు పోల్‌కీ అదే సూత్రం పెట్టుకోవచ్చు. మెంటీమీటర్, స్లైడో లాంటి పోల్ యాప్‌లలో ఫలితాన్ని దాచి, ఓటింగ్ ముగిశాక చూపించే సౌకర్యం ఉంది. పెద్ద హోదాలో ఉన్నవాళ్లు తమ అభిప్రాయాన్ని అప్పటిదాకా బయటపెట్టకపోతే ఇంకా మంచిది.

అపోహ: ఫోన్‌లో వేసే ఓటు రహస్యం

వాట్సాప్ గ్రూపు పోల్‌లో ఎవరు దేనికి వేశారో పేర్లతో సహా అందరికీ కనిపిస్తుంది. మేనేజరు ప్రవర్తన గురించిన ప్రశ్నను అక్కడ అడగడం ఉద్యోగుల్ని టెన్షన్‌లో పెట్టడమే. వేరే యాప్‌లలో అయితే సెట్టింగును బట్టి ఉంటుంది, ముందే చూసుకోండి. నలుగురున్న టీమ్‌లో పేరు దాచినా ఎవరు వేశారో ఊహించడం కష్టం కాదు. అయితే అన్నిటికీ రహస్యం అక్కర్లేదు. ఆదివారం పనికి ఎవరొస్తారు అన్నదానికి పేర్లు కావాల్సిందే.

అపోహ: లింకు పంపాం కాబట్టి అందరూ పాల్గొన్నట్టే

గుంటూరు కోల్డ్ స్టోరేజీలో ఇంగ్లిష్ ప్రశ్న పంపితే ఆఫీసు గదిలో వాళ్లే ఓటేస్తారు. బయట బస్తాలు మోసేవాళ్ల మాట రాదు. ప్రశ్న తెలుగులో ఉండాలి. స్మార్ట్‌ఫోన్ లేనివాళ్లకు చీటీ ఇవ్వాలి. నైట్ షిఫ్టు వాళ్లు చూసేదాకా పోల్ తెరిచి ఉంచాలి.

అపోహ: మెజారిటీ ఉంటే దేన్నైనా తేల్చవచ్చు

పన్నెండు మందిలో తొమ్మిది మంది కలిసి ‘పెళ్లికాని ముగ్గురూ దసరా డ్యూటీ చేయాలి’ అని ఓటేస్తే లెక్క సరిగ్గానే ఉంటుంది, అన్యాయం కూడా అలాగే ఉంటుంది. నవరాత్రులకు దుర్గమ్మ కొండ ఎక్కాలని వాళ్లకీ ఉంటుంది. ఇలాంటి భారాన్ని ఓటుతో కాదు, వంతులతోనో లాటరీతోనో పంచాలి. పదో శతాబ్దంలో చోళుల కాలంలోనే తమిళనాడులోని ఉత్తరమేరూరులో ఊరి సభ కమిటీలకు మనుషుల్ని కుండలో వేసిన తాటాకు చీటీలతో ఎంపిక చేసేవారు. ఆ శాసనం ఇప్పటికీ అక్కడి గుడి గోడల మీద ఉంది.

జీతాలు, భద్రత, ఒకరి మీద వచ్చిన ఫిర్యాదు, వీటి మీద పోల్ అసలు వద్దు. పది మంది లేదా అంతకన్నా ఎక్కువ మంది పనిచేసే చోట లైంగిక వేధింపుల ఫిర్యాదును అంతర్గత కమిటీయే విచారించాలని 2013 చట్టం చెబుతోంది. అక్కడ టీమ్ అభిప్రాయ సేకరణకు చోటు లేదు.

ఇక పోల్ ముగిశాక. వచ్చిన ఫలితమే తుది నిర్ణయమా, మేనేజరుకు సలహా మాత్రమేనా అన్నది ప్రశ్న పైనే రాసి ఉండాలి. సలహా అయితే, దానికి భిన్నంగా వెళ్లినప్పుడు కారణం గ్రూపులో రెండు వాక్యాల్లో చెప్పాలి. షిఫ్టు వేళల్లాంటివి అయితే ఎన్ని ఓట్లు పడ్డాయో నోటీసు బోర్డు మీద పెట్టి, మళ్లీ ఎప్పుడు చూస్తామో తేదీ కూడా వేయండి. ఓడిన నలుగురైదుగురు ముందు అడిగేది ఆ తేదీనే.