బైక్ హెడ్‌లైట్ మార్పు: అపోహలు - వాస్తవాలు

రాత్రి దారి సరిగా కనిపించడం లేదని బండి తెచ్చేవాళ్లు దాదాపు అందరూ అడిగేది ఒక్కటే: "ఏ బల్బు వేయమంటారు?" బైకుల ఎలక్ట్రికల్ పని చేసేవాడిగా నేను బల్బు సంగతి చివరికి పెడతాను. వెలుగు ఎక్కడ పడుతోంది, బల్బు దాకా ఎన్ని వోల్టులు చేరుతున్నాయి, డూమ్ (హెడ్‌లైట్ గుల్ల) లోపల వెలుగును ముందుకు తిప్పే రిఫ్లెక్టర్ ఎలా ఉంది, ఈ మూడూ ముందు చూస్తాను. ఇవి సరిగా ఉంటే చాలా బండ్లకు కంపెనీ ఇచ్చిన బల్బే సరిపోతుంది. సరిగా లేకపోతే ఎంత ఖరీదైన బల్బు వేసినా డబ్బు దండగ, పైగా ఎదురొచ్చేవాళ్ల కళ్లకు చేటు. రోజూ నా చెవిన పడే మాటలు కొన్ని తీసుకుని, వాటి వెనక ఉన్న అసలు సంగతి చెబుతాను.

అపోహ: ఎక్కువ వాట్ల బల్బు వేస్తే దారి బాగా కనిపిస్తుంది.

వాస్తవం: వాట్లు అంటే బల్బు తినే కరెంటు. అది ఇచ్చే వెలుగు కాదు. హాలోజన్ బల్బు తిన్నదాంట్లో ఎక్కువ భాగం వేడిగానే బయటికి పోతుంది. 60/55 వాట్ల (హై బీమ్‌కు 60, డిమ్‌కు 55) హెచ్‌4 రకం బల్బు సుమారు 5 ఆంపియర్లు లాగుతుంది. దాని స్థానంలో 100/90 వేస్తే 8 ఆంపియర్లు దాటుతుంది. ఆ బండి వైర్లు, స్విచ్ పాయింట్లు, హోల్డర్ అంత కరెంటు కోసం చేసినవి కావు. అలాంటి బల్బు కొన్ని నెలలు నడిచిన బండి కప్లర్ (బల్బుకు వైర్లు తగిలించే ప్లగ్) విప్పి చూస్తే సంగతి తెలిసిపోతుంది: తెల్ల ప్లాస్టిక్ గోధుమ రంగుకు మారి, ఒక పిన్ను చుట్టూ నల్లగా బొబ్బలెక్కి ఉంటుంది. ముట్టుకుంటే పెళుసుగా విరిగిపోతుంది. రిఫ్లెక్టర్ మీద వెండిలా మెరిసే పూత కూడా బల్బుకు పైన ఉన్న భాగంలో మసకబారుతుంది. పూత ఒకసారి పోయాక ఏ బల్బు వేసినా వెలుగు సగమే.

ఇక్కడే ఇంకో పొరపాటు. చిన్న బండ్లలో చాలావాటికి హెచ్‌ఎస్‌1 బల్బు వస్తుంది, 35/35 వాట్లు. చూడ్డానికి అచ్చం హెచ్‌4 లాగే ఉంటుంది, కానీ అంచు చెవుల కొలత వేరు. ప్రమాణాల ప్రకారం 13.2 వోల్టుల దగ్గర హెచ్‌ఎస్‌1 హై బీమ్‌లో 825, డిమ్‌లో 525 ల్యూమెన్ల (వెలుగు కొలత) వెలుగు ఇస్తుంది. అదే హెచ్‌4 అయితే 1650, 1000. అందుకే హెచ్‌ఎస్‌1 చోట హెచ్‌4ను చెవులు గీకి మరీ ఇరికిస్తారు. బల్బు కొంచెం వంకరగా కూర్చున్నా లోపల వెలిగే తీగ, అంటే ఫిలమెంట్, తన చోటు తప్పుతుంది, దాంతో వెలుగు చెదిరిపోతుంది. ఆ బండి స్టేటర్ కాయిల్‌కు అంత కరెంటు పుట్టించే శక్తి ఉందా లేదా అన్నది ఆ తర్వాతి ప్రశ్న.

అపోహ: వెలుగు తగ్గిందంటే బల్బు పాతబడిందని అర్థం.

వాస్తవం: పాతబడి ఉండవచ్చు. అయితే నేను చూసే బండ్లలో ఎక్కువసార్లు దొరికే దొంగ వోల్టేజీ. హాలోజన్ బల్బుకు వోల్టేజీ 10 శాతం తగ్గితే వెలుగు 10 శాతం కాదు, దాదాపు 30 శాతం పడిపోతుంది. బ్యాటరీ దగ్గర 14 వోల్టులున్నా బల్బు దగ్గర 11.8 మాత్రమే వస్తున్న బండ్లు బోలెడు. మిగతా రెండు వోల్టులూ దారిలోనే పోతున్నాయి: తాళం స్విచ్, హ్యాండిల్ మీది లైటు స్విచ్, డిప్పర్ (హై, డిమ్ మార్చే స్విచ్), తుప్పు పట్టిన కప్లర్, అన్నిటికంటే ముఖ్యంగా ఎర్త్ (కరెంటు ఫ్రేము మీదుగా బ్యాటరీకి తిరిగొచ్చే దారి). ఎర్త్ వైరు ఫ్రేముకు బిగించిన బోల్టు కింద పెయింటో తుప్పో ఉంటే, కొత్త బల్బు వేయడం చిల్లు కుండలో నీళ్లు పోయడమే.

దీన్ని కనిపెట్టడానికి మల్టీమీటర్ చాలు. ఇంజను నడుస్తూ, లైటు వెలుగుతూ ఉండగా, కప్లర్ వెనక నుంచి పిన్నులు పెట్టి బల్బు దగ్గర వోల్టేజీ చూడండి. బల్బు పీకేసి చూస్తే లాభం లేదు, లోడు లేనప్పుడు పాడైన వైరు కూడా మంచి అంకె చూపిస్తుంది. వెంటనే బ్యాటరీ మీద చూడండి. రెండింటికీ తేడా అర వోల్టు దాటితే పని ఉన్నట్టే. ముందు కప్లర్లు శుభ్రం చేసి, ఎర్త్ బోల్టు గీకి బిగించాలి. అప్పటికీ తేడా ఉంటే రిలే (కొద్దిపాటి కరెంటుతో పెద్ద కరెంటును ఆన్, ఆఫ్ చేసే స్విచ్) వేయాలి. దాని కాళ్లకు నంబర్లుంటాయి. బ్యాటరీ నుంచి 10 ఆంపియర్ల ఫ్యూజు మీదుగా రిలే 30 నంబరుకు, 87 నుంచి బల్బుకు, పాత లైటు వైరు 86కు, 85 ఎర్త్‌కు. హై బీమ్‌కు ఒకటి, డిమ్‌కు ఒకటి, రెండు రిలేలు. ఇక హ్యాండిల్ స్విచ్ మీద రిలేను లాగే కొద్దిపాటి కరెంటు తప్ప భారం ఉండదు. కంపెనీ బల్బునే ఉంచి ఈ ఒక్క పని చేసిన బండ్లు తేడా ఎంత చూపిస్తాయో, చేసి చూసినవాళ్లకు చెప్పనక్కర్లేదు.

ఒక్క హెచ్చరిక. కొన్ని పాత, చిన్న బండ్లలో హెడ్‌లైట్ బ్యాటరీ మీద కాదు, నేరుగా కాయిల్ నుంచి ఏసీ కరెంటు మీద వెలుగుతుంది. స్లోలో మినుకుమంటూ రేస్ ఇస్తే బాగా పెరిగే లైటు అదే. అలాంటి బండికి బ్యాటరీ నుంచి రిలే వేస్తే బ్యాటరీ దిగిపోతుంది. ముందు కాయిల్, రెక్టిఫయర్ (ఏసీని డీసీగా మార్చే భాగం) మార్చి డీసీకి తెచ్చాకే మిగతా పని.

అపోహ: తెల్లగా, నీలంగా ఉండే వెలుగు ఎక్కువ కాంతిమంతం.

వాస్తవం: పెట్టె మీద 6000, 8000 అని రాసే కెల్విన్ అంకె వెలుగు రంగును మాత్రమే చెబుతుంది. మామూలు హాలోజన్ 3200 చుట్టుపక్కల ఉంటుంది. అంకె పెరిగేకొద్దీ నీలం పెరుగుతుంది, వెలుగు పెరగాలని లేదు. నీలి పూత వేసిన హాలోజన్ బల్బులైతే తమ పసుపు, ఎరుపు కాంతిని ఆ పూతతోనే ఆపేసుకుంటాయి, కాబట్టి మామూలు బల్బుకంటే తక్కువే ఇస్తాయి. నీలి వెలుగు ఎదుటివాళ్ల కళ్లను ఎక్కువ బాధిస్తుంది, ముఖ్యంగా వయసు పైబడినవాళ్లను.

దీనికి తోడుగా "పసుపు లైటు మంచును చీల్చుకుని పోతుంది" అన్న మాట కూడా ఉంది. పొగమంచులోని నీటి బిందువులు కాంతి తరంగాలతో పోలిస్తే చాలా పెద్దవి, అన్ని రంగులనూ ఇంచుమించు ఒకేలా చెదరగొడతాయి. పసుపులో నీలం తక్కువ కాబట్టి కంటికి హాయిగా అనిపిస్తుంది, అంతే. మంచులో అసలు సాయం చేసేది లైటు ఎంత కిందకు ఉంది, దాని వెలుగు పై అంచు ఎంత పదునుగా కోసినట్టు ఉంది అన్నవి.

అపోహ: ఎల్‌ఈడీ బల్బు వేసేస్తే పనైపోయినట్టే.

వాస్తవం: దీని మీద కొంచెం ఎక్కువ రాయాలి, ఎందుకంటే ఎక్కువమంది డబ్బు పోగొట్టుకునేది ఇక్కడే.

ఎల్‌ఈడీ అన్నది మంచి సాంకేతికత, అందులో అనుమానం లేదు. తక్కువ కరెంటుకు ఎక్కువ వెలుగు ఇస్తుంది. కంపెనీ నుంచే ఎల్‌ఈడీతో వచ్చిన హెడ్‌లైట్లలో రిఫ్లెక్టర్‌ను, లెన్సును ఆ చిప్ చుట్టూ లెక్కగట్టి చేస్తారు. మీ బండి డూమ్ మాత్రం హాలోజన్ ఫిలమెంట్ కోసం చేసినది. హెచ్‌4 బల్బును చేతిలోకి తీసుకుని చూడండి. రెండు ఫిలమెంట్లు కనిపిస్తాయి, డిమ్ ఫిలమెంట్ కింద చిన్న లోహపు గిన్నె ఉంటుంది. రిఫ్లెక్టర్ కింది సగానికి వెలుగు వెళ్లకుండా ఆ గిన్నె అడ్డుపడుతుంది. డిమ్‌లో గోడ మీద కనిపించే కోసినట్టుండే గీత దాని పుణ్యమే. ఫిలమెంట్ సన్నని చుట్ట, మిల్లీమీటరులో కొంత భాగం కూడా తేడా రాకుండా నిర్ణయించిన చోట ఉంటుంది.

ఇప్పుడు అదే చోట ఎల్‌ఈడీ పెట్టండి. సన్నని చుట్ట పోయి, ఒక మందపాటి పట్టీకి రెండు వైపులా చిప్పులు వచ్చాయి. రెండింటి మధ్య పట్టీ మందమంత ఎడం. రిఫ్లెక్టర్‌కు వెలుగు తప్పు చోటి నుంచి వస్తున్నట్టే లెక్క. పట్టీ మందం తగ్గించి, చిప్పులను ఫిలమెంట్ చోటే కూర్చోబెట్టిన మంచి రకాలు కొంతవరకు సర్దుకుంటాయి. మిగతావి వెలుగును చల్లేస్తాయి: చెట్ల కొమ్మలు బ్రహ్మాండంగా కనిపిస్తాయి, రోడ్డు మధ్యలో మాత్రం నల్లటి మచ్చ. చిప్పులు కచ్చితంగా కుడి, ఎడమలకు చూడాలి. పైకీ కిందికీ చూసేలా బిగించారంటే డిమ్ గీత మొత్తం పోతుంది.

వేడి సంగతీ ఉంది. హాలోజన్ తన వేడిని వెలుగుతో పాటు ముందుకు పంపేస్తుంది. ఎల్‌ఈడీ వేడి వెనక్కి, హీట్‌సింక్ (వేడిని గాలిలోకి వదిలే లోహపు భాగం) లోకి వస్తుంది. డూమ్ వెనక రబ్బరు బూటు మూసేశాక ఆ వేడి పోయే దారి ఉండదు. చిప్ వేడెక్కితే వెలుగు తగ్గుతుంది, మంచి డ్రైవర్ సర్క్యూట్ (కరెంటును అదుపు చేసేది) ఉన్నదైతే కాలిపోకుండా కరెంటే తగ్గించేస్తుంది. అందుకే అమ్మేచోట వెలిగించిన మొదటి నిమిషం చూసి మురిసిపోకండి. అరగంట నడిపాక అదే గోడ మీద మళ్లీ చూడండి.

ఒక అప్రూవల్ ఉన్న డూమ్‌లో బల్బు రకం మార్చితే ఆ అప్రూవల్ చెల్లదన్నది చాలా దేశాల నిబంధన. హాలోజన్ స్థానంలో వేసే ఎల్‌ఈడీ బల్బుకు జర్మనీలో తొలిసారి రోడ్డు అనుమతి వచ్చింది 2020లో. అదీ హెచ్‌7 రకానికి, ఒక్కో కారు మోడల్‌లో పరీక్షించి చూసినవాటికే. ఎల్‌ఈడీయే కావాలంటే మొత్తం హెడ్‌లైట్ యూనిట్ మార్చండి, గాజు మీద గుండ్రటి గీత లోపల ఇంగ్లిష్ 'E' అక్షరం, పక్కన అంకె ఉన్నది (అప్రూవల్ గుర్తు) చూసుకోండి. హెచ్‌ఐడీ (జెనాన్ లైటు) కిట్లకూ ఇదంతా వర్తిస్తుంది. అవి పూర్తి వెలుగుకు రావడానికి కొన్ని సెకన్లు పట్టడం అదనపు ఇబ్బంది.

అపోహ: పెట్టె మీద 20,000 ల్యూమెన్లు అని ఉంటే అంత వెలుగు వస్తుంది.

వాస్తవం: ఎల్‌ఈడీ వాట్‌కు సుమారు 100 ల్యూమెన్లు ఇస్తుందనుకోండి. 20,000 రావాలంటే 200 వాట్లు తాగాలి, అంటే 16 ఆంపియర్లు. ఆ బల్బును మీటరుతో కొలిస్తే లాగేది రెండు ఆంపియర్లే అయితే, ఇచ్చేది ఏ రెండు వేల అయిదు వందలో. ఇంకో మాట: వెలుగు రెట్టింపయితే చూపు రెట్టింపు కాదు. దూరం పెరిగేకొద్దీ వెలుగు దూరపు వర్గం లెక్కన పలచబడుతుంది. రెండింతల దూరం అంతే స్పష్టంగా కనిపించాలంటే ఆ దిక్కున నాలుగింతల తీవ్రత ఉండాలి. రెండింతల వెలుగుతో మీకు దక్కేది సుమారు 1.4 రెట్ల దూరం.

అపోహ: ముందు చక్రం దగ్గర రోడ్డు మెరిసిపోతుంటే లైటు బాగున్నట్టు.

వాస్తవం: ఇది అన్నిటికంటే మోసపూరితమైన అపోహ. దగ్గర రోడ్డు బాగా వెలిగితే కళ్లు ఆ వెలుగుకే అలవాటు పడతాయి, కనుపాప కుంచించుకుపోతుంది. దూరంగా ఉన్న గుంత, లైటు లేని సైకిలు, నల్ల బట్టలేసుకుని నడుస్తున్న మనిషి కనిపించరు. మనసుకేమో బాగా కనిపిస్తున్నట్టే ఉంటుంది.

లెక్క చూడండి. గంటకు 60 కిలోమీటర్ల వేగంలో ప్రమాదాన్ని గుర్తించి బ్రేకు పట్టేలోగా సెకనున్నర పోతే 25 మీటర్లు దాటేస్తారు. పొడి రోడ్డు మీద గట్టిగా బ్రేకు పట్టినా ఇంకో 23 మీటర్లు. మొత్తం 48. వేగం 80 అయితే 74 మీటర్లకు పైనే. ఇప్పుడు హెడ్‌లైట్ నేల నుంచి 90 సెంటీమీటర్ల ఎత్తున ఉందనుకుందాం. డిమ్ గీత 10 మీటర్లకు 10 సెంటీమీటర్లు దిగితే వెలుగు 90 మీటర్ల దాకా పోతుంది. 25 సెంటీమీటర్లు దిగితే 36 మీటర్లలో ఆగిపోతుంది. అంటే 60లో వెళ్తున్నా, కనిపించిన దాని ముందు ఆగలేరు. ఐక్యరాజ్యసమితి వాహన నిబంధనల్లో బైకులకు అనుమతించిన హద్దు అర శాతం నుంచి రెండున్నర శాతం దాకా, అంటే 10 మీటర్ల దగ్గర 5 నుంచి 25 సెంటీమీటర్లు. నేను 10 దగ్గర పెడతాను.

పెట్టే విధానం: చదునైన నేల, ఎదురుగా గోడ, మధ్య 10 మీటర్లు. టైర్లలో గాలి సరిచూడండి. స్టాండు తీసి, రోజూ నడిపే మనిషే బండి మీద కూర్చోవాలి. హెడ్‌లైట్ మధ్యభాగం ఎత్తు కొలిచి గోడ మీద సుద్దతో గీత గీయండి, దానికి 10 సెంటీమీటర్ల కింద ఇంకోటి. డిమ్ వేసి, వెలుగు పై అంచు కింది గీత మీదకు వచ్చేదాకా డూమ్ స్క్రూ తిప్పండి. వెనక మనిషిని ఎక్కించుకునేవాళ్లు వాళ్లనూ కూర్చోబెట్టి చూడాలి. చక్రాల మధ్య దూరం 130 సెంటీమీటర్లున్న బండికి వెనక భాగం 3 సెంటీమీటర్లు కుంగితే గోడ మీద వెలుగు 23 సెంటీమీటర్లు పైకి లేస్తుంది. మీ డిమ్ లైటు ఎదుటివాళ్లకు హై బీమ్ అయిపోతుంది. వెనక షాక్‌అబ్జార్బర్ గట్టిదనం పెంచుకునే నాచ్‌లు ఇందుకు కూడా పనికొస్తాయి.

అపోహ: పసుపెక్కిన గాజును టూత్‌పేస్టుతో రుద్దితే కొత్తదవుతుంది.

వాస్తవం: కొన్నాళ్లు మెరుస్తుంది. ఇప్పటి గాజులు నిజానికి పాలీకార్బొనేట్, పైన ఎండ నుంచి కాపాడే పూత ఉంటుంది. రుద్దితే మిగిలిన ఆ పూత కూడా పోయి ముందుకంటే త్వరగా పసుపెక్కుతుంది. పాలిష్ చేసినవాళ్లు పైన యూవీ పూత వేయించాలి, లేదా గాజు మార్చాలి. హెల్మెట్ వైజర్ కూడా ఇదే కోవలోది: గీతలు పడిన వైజర్, రాత్రి పెట్టుకునే నల్ల వైజర్ ఎంత మంచి లైటునైనా తినేస్తాయి. లైటు మార్చాలని వచ్చినవాళ్ల వైజర్ మొదట తీయించి చూస్తాను.

అపోహ: ఫాగ్ లైట్లు పెట్టుకుంటే దూరం కనిపిస్తుంది.

వాస్తవం: ఫాగ్ లైటు పని దూరం చూపడం కాదు. వెడల్పుగా, చదునుగా, దగ్గరగా పడాలి, అందుకే కిందకు బిగిస్తారు. దూరం కావాలంటే సన్నగా పోయే స్పాట్ లైటు. అది హై బీమ్‌తో పాటే వెలగాలి, డిప్పర్ నొక్కగానే ఆరిపోవాలి. దాని రిలే కాయిల్‌కు సిగ్నల్ హై బీమ్ వైరు నుంచే తీసుకోవడం వల్ల ఇది దానంతటదే జరుగుతుంది. విడి స్విచ్ ఒక్కటే పెట్టి వదిలేసిన బండ్ల వల్లే ఎదురొచ్చేవాళ్లు కొన్ని క్షణాల పాటు ఏమీ కనపడకుండా నడపాల్సి వస్తోంది. దయచేసి అలా పెట్టించుకోకండి.

బిగించాక చివరగా ఒక పరీక్ష. లైట్లన్నీ వేసి, బ్రేకు నొక్కి పట్టుకుని, ఇంజనును 4,000 ఆర్‌పీఎం దగ్గర ఉంచి బ్యాటరీ మీద మీటరు పెట్టండి. 13.5 వోల్టులకు పైన నిలబడితే కాయిల్ భారం మోయగలుగుతోంది. 12.8 కిందకు జారుతుంటే బ్యాటరీ నుంచి తోడుకుంటోంది, అప్పుడు అదనపు లైట్లు తీసి తక్కువ వాట్లవి వేయండి, లేదంటే ఒక జత తీసేయండి.