ఎనిమిది మాత్రల్లో మూడు దెబ్బలు

"తకిట తకిట తక" అని నాలుగైదుసార్లు అనుకుంటూ, ప్రతి ముక్కలోనూ మొదటి అక్షరం దగ్గర మాత్రమే బల్లమీద వేలితో కొట్టండి. మూడు, మూడు, రెండు. ఎనిమిది మాత్రలు, మూడు దెబ్బలు. క్యూబా పాటల్లో, ప్యూర్టోరికో నృత్య సంగీతం రెగ్గేటాన్‌లో, ఇప్పటి అమెరికా పాప్‌లో ఈ నడక వినిపిస్తూనే ఉంటుంది. ఒకసారి చెవికి పట్టుబడితే ఇక పాట విననివ్వదు, లెక్కే పెట్టిస్తుంది.

ఇన్నిచోట్ల ఒకే నడక ఉందంటే ఇవన్నీ ఒక తల్లి బిడ్డలే అనిపిస్తుంది. లోకంలోని జనసంగీతాలను పోల్చి చూసేవాళ్లు జాగ్రత్త పడేది ఇక్కడే. ఎనిమిది గడుల్లో మూడు దెబ్బల్ని వీలైనంత సమంగా సర్దితే వచ్చేది 3-3-2యే. గసాభా (గరిష్ఠ సామాన్య భాజకం) కనుక్కోవడానికి యూక్లిడ్ చెప్పిన పద్ధతితోనే ఇలాంటి లయలు పుడతాయని కంప్యూటర్ శాస్త్రవేత్త గాడ్‌ఫ్రీడ్ టూసాంట్ 2005లో చూపించాడు. అంటే ఒకరి దగ్గర నేర్చుకోకుండానే ఎవరికైనా తట్టగల నడక ఇది. పోలిక ఉన్నంతమాత్రాన చుట్టరికం కలపలేం.

క్యూబాలో 'సోన్' అనే పాటలకు ఆధారమైన 'సోన్ క్లావే' లయ అలా కాదు. పదహారు మాత్రల్లో ఐదు దెబ్బలు, 3-3-4-2-4 దూరాల్లో పడతాయి. సమంగా సర్దితే 3-3-3-3-4 రావాలి. ఈ వంకరే నాకు ముఖ్యంగా తోస్తుంది. ఇదే వంకర ఘనాలోని హైలైఫ్ అనే పాటల శైలిలోనూ, 1955లో అమెరికా గాయకుడు బో డిడ్లీ గిటార్‌లోనూ కనబడితే కాకతాళీయం అనుకోవడం కష్టం.

అయితే ఎవరు ఎవరి నుంచి తీసుకున్నారో చెవి చెప్పదు. ఓడలు, రికార్డులు వెతకాలి. బానిసలుగా క్యూబాకు తరలించిన ఆఫ్రికన్లతో వాళ్ల లయలూ సముద్రం దాటాయి. 1886 దాకా అక్కడ బానిసత్వం సాగింది. 1933 నుంచి హెచ్‌ఎంవీ కంపెనీ 'జీవీ' అనే వరుసలో క్యూబా రికార్డులను ఆఫ్రికాలో అమ్మడం మొదలుపెట్టింది. కాంగో కళాకారులు అవి విని, పియానో వరుసల్ని గిటార్ తీగల మీదికి దించుకుని, లింగాలా భాషలో పాడుకున్నారు. 2021లో యునెస్కో గుర్తించిన కాంగో రుంబా అనే సంగీత శైలి పుట్టుకలో ఆ రికార్డులకు పెద్ద పాలే ఉంది. వెళ్లిన లయ తిరిగొచ్చింది, వస్తూ వస్తూ కొత్త వాయిద్యాలను వెంటబెట్టుకొచ్చింది. పటం మీద ఒకే బాణం గీసి ఊరుకుంటే సగం కథ పోతుంది.

ఇంకో చిక్కుంది. నేను పైన రాసిన అంకెలన్నీ దెబ్బ సరిగ్గా గడిలోనే పడుతుందన్నట్టు చెబుతాయి. మంచి వాద్యకారుడి చేతిలో అది వెంట్రుకవాసి ముందో వెనకో పడుతుంది, పాట ఊగేది అక్కడే. కాగితం మీద రాసేసరికి అది జారిపోతుంది. సంగీత పరిశోధకుడు మాంటిల్ హుడ్ 1960లో రాసిన ఒక వ్యాసంలో, పరాయి సంగీతాన్ని చదవాలనుకునే విద్యార్థి ముందు దాన్ని వాయించడం నేర్చుకోవాలని పట్టుబట్టాడు.