పెరటి కోడి ఎందుకు గోల చేస్తుంది?

అనంతపురం జిల్లా పల్లెల్లో పొద్దెక్కేసరికి పెరట్లో పెట్ట గోల మొదలైతే, చాలా ఇళ్లలో దానికి చేసే వైద్యం ఒక్కటే: గంప తెచ్చి మూసేయడం. అప్పటికీ అరుపు ఆగకపోతే దానికి పొగరెక్కిందంటారు. ఈ మాట విన్నప్పుడల్లా నాకు బాధ కలుగుతుంది. ఏ వేళకు, ఏ తీరున అరుస్తున్నదో కాస్త గమనిస్తే అసలు సంగతి చాలావరకు బయటపడుతుంది.

ఉదయం పూట గోలకు ఎక్కువసార్లు గుడ్డే కారణం. పెట్ట కడుపులో ఒక గుడ్డు తయారవడానికి సుమారు 24 నుంచి 26 గంటలు పడుతుంది. అందులో దాదాపు 20 గంటలు పెంకుకే పోతాయి. అందుకే గుడ్డు పెట్టే వేళ రోజురోజుకూ కొంచెం ఆలస్యమవుతూ వచ్చి చివరికి ఒక రోజు తప్పిపోతుంది. గోల వేళ కూడా దానితోపాటే జరుగుతుంది. పైగా ఈ ఆరాటం అప్పటికప్పుడు పుట్టినది కాదు. అంతకు ముందురోజు అండం విడుదలయ్యాక అండాశయంలో మిగిలిపోయిన పుటిక (అండం పెరిగిన చిన్న సంచి) ఇచ్చే సంకేతాల వల్లే పెట్ట మరునాడు గూడు వెతుక్కుంటుంది.

ఆ వెతుకులాటను దగ్గరగా చూడాలి. కట్టెల మోపు సందులోకి తల దూర్చి చూస్తుంది. లోపలికి వెళ్లి కూర్చుంటుంది, లేస్తుంది, ఇంకో మూలకు నడుస్తుంది. ఒక గడ్డిపరక ముక్కున కరచుకుని వీపు మీదుగా వెనక్కి వేసుకుంటుంది. నచ్చిన చోటు దొరకకపోతే సాగదీసిన మూలుగు ఒకటి, దాని వెంట తెగిన ముక్కల్లాంటి చిన్న కూతలు వస్తాయి. పరిశోధకులు ‘గాకెల్’ అని పిలిచే కూత ఇదే. మేత కళ్లెదుటే ఉండి అందకపోయినా, పొర్లడానికి పొడిమట్టి లేకపోయినా ఇదే కూత ఎక్కువవుతుంది. గూడు లేని తీగల పంజరాల్లో పెట్టలు గుడ్డు పెట్టే ముందు అటూ ఇటూ ఆగకుండా తిరగడం కూడా ఈ బాధతోనే.

ఇక గంప సంగతి. వేలితో తడిమి గుడ్డు ఉందని తేల్చుకున్నాక, అది పొరుగువాళ్ల వామిలో పెట్టకుండా ముందే మూసి ఉంచడం మన పెద్దవాళ్ల పద్ధతి. గంప కింద గడ్డి పరచి నీడన ఉంచితే అది చక్కటి గూడే: చీకటిగా, మెత్తగా, ఎవరి కంటా పడకుండా ఉంటుంది. ఎండలో, వట్టి బండ మీద మూస్తే మాత్రం అది శిక్ష. అంతకంటే మేలైన పని, అడుగు పొడవు, అడుగు వెడల్పు ఉన్న పెట్టెలో వరిగడ్డి గానీ పొడి వేరుశనగ పొట్టు గానీ వేసి మరుగైన మూలలో పెట్టడం. నాలుగైదు పెట్టలకు ఒక పెట్టె చాలు. పొట్టుకు బూజు పడితే వెంటనే పారేయాలి, ఆ బూజులో విషం ఉంటుంది. పెట్టెలు రెండున్నా అన్నీ ఒకదాని కోసమే పోట్లాడుకోవడం మామూలే, దానికి కంగారు పడనక్కరలేదు.

గుడ్డు పెట్టాక వేసే కేకలకు కారణమేమిటో శాస్త్రవేత్తల్లో ఇంకా ఏకాభిప్రాయం లేదు. కొత్త కోడిని సంతలో కొని తెచ్చి వదిలినప్పటి రభస ఎవరు పైన, ఎవరు కింద అన్నది తేలేదాకా సాగుతుంది. కోళ్లలోని ఈ పొడుచుకునే వరుసను నార్వేకు చెందిన షెల్డెరుప్-ఎబ్బె 1920ల తొలి ఏళ్లలోనే వివరించాడు.

ఉన్నట్టుండి మంద మొత్తం కలవరపడితే ముందు పైకి, తర్వాత నేల మీదకు చూడాలి. గద్ద కనిపిస్తే ఒక రకం అరుపు, కుక్కో ముంగిసో వస్తే తెగి తెగి మోగే ఇంకో రకం అరుపు. 1993లో ప్రచురితమైన ఒక పరిశోధనలో శత్రువేదీ లేకుండా ఈ అరుపుల రికార్డింగులు మాత్రమే వినిపించారు. గద్ద అరుపుకు పెట్టలు మరుగుకు పరుగెత్తాయి, రెండో అరుపుకు మెడలు నిక్కించి నిలబడ్డాయి. ఏం వస్తున్నదో అరుపులోనే ఉందన్నమాట.

చీకటి పడుతున్నా గూట్లోకి వెళ్లనంటే, వెళ్లినా రాత్రంతా కదులుతూనే ఉంటే, రక్తం పీల్చే ఎర్రటి సన్న పురుగులు ఉన్నాయేమో చూడాలి. పగలు చెక్కల సందుల్లో దాక్కుని రాత్రి బయటికొస్తాయి. పొద్దుపోయాక కోళ్లు కూర్చునే కర్ర అడుగున తెల్లగుడ్డతో తుడిస్తే ఎర్రటి మరకలు అంటుకుంటాయి.

నన్ను అన్నిటికంటే భయపెట్టేది కోళ్ల గోల కాదు, రోళ్లు పగిలే రోహిణి కార్తెలో అవి మూగబోవడం. కోడి ఒంటి వేడి మామూలుగానే 41 డిగ్రీల చుట్టూ ఉంటుంది, చెమట గ్రంథులు లేవు. ఎక్కువగా ఎగశ్వాసతోనే వేడి తగ్గించుకోవాలి. రెక్కలు ఎడంగా పెట్టి, నోరు తెరిచి, కూత లేకుండా నిలబడిన కోడి ప్రమాదంలో ఉన్నట్టే. వెంటనే నీడకు చేర్చి చల్లటి నీళ్లు పెట్టాలి, కాళ్లు తడపాలి. బండల కప్పున్న గూడైతే పైన తడి గోనెపట్టాలు పరచాలి. మేత అరగడానికి కూడా ఒంట్లో వేడి పుడుతుంది కాబట్టి మధ్యాహ్నం గింజలు వేయకుండా తెల్లవారుజామున, పొద్దువాలాక వేయాలి.